మా తాతగారి పెట్టెలో దొరికిన రేవు బొమ్మ ఏ ఊరిది? – సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. తాతగారి పెట్టెలో పాత ఫ్రేము ఒకటి దొరికింది. అందులో జానెడు పొడవు నలుపు తెలుపు బొమ్మ. చుట్టూ కోటలు, మధ్యలో నీళ్ళు, తెరచాప ఓడలు, పొగగొట్టం ఉన్న ఓడ ఒకటి. కింద పేరు ఉండాల్సిన చోట కాగితం కోసేశారు, చివర్లో "సన్ అండ్ కో" అనే ఇంగ్లీషు ముక్క మాత్రం మిగిలింది. ఇంట్లో పెద్దవాళ్ళు దీన్ని "1864 ఉప్పెనకు ముందటి బందరు" అంటూ వచ్చారు. అది నిజమేనా, ఎప్పటిది, అసలుదా నకలా అని మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇది బందరు కాదు. మధ్యధరా సముద్రంలో ఉన్న మాల్టా ద్వీపం, వల్లెట్టా నగరం, అక్కడి గ్రాండ్ హార్బర్. ఉక్కు పలక మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మ, అంటే స్టీల్ ఎన్‌గ్రేవింగ్. బొమ్మలో ఉన్న దృశ్యం 1832కు తర్వాతది, బహుశా 1844కు ముందుది. విడిగా అమ్మిన చిత్రం కాదు, లండన్‌లో అచ్చయిన ఒక యాత్రా పుస్తకం నుంచి కోసిన పేజీ. మీరు పెట్టిన దగ్గరి ఫొటోలను బట్టి ఫొటో తీసి వేసిన నకలు కాదు, పలక నుంచి నేరుగా అచ్చయిందే. ఊరి గురించి నాకు సందేహం లేదు. ఏ పుస్తకం అన్నది మాత్రం ఇంకా తేల్చాలి, అదెలాగో కింద రాస్తాను.

పాత కాగితాలకు మరమ్మతు చేయడం నా పని. ఇలాంటి బొమ్మలు తెచ్చేవాళ్ళందరికీ నేను మొదట చెప్పే మాట ఒకటుంది. బొమ్మలో ఉన్న ఊరు ఏది అన్నది ఒక ప్రశ్న, చేతిలో ఉన్న కాగితం ఎప్పటిది అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే రెండూ తప్పుతాయి. ఊరి సంగతి కట్టడాలు చెబుతాయి. కాగితం సంగతి గీత, సిరా, నీటిగుర్తు (కాగితాన్ని వెలుగుకు పట్టుకుంటే లోపల కనిపించే వాటర్‌మార్క్) చెబుతాయి. 1750లో గీసిన దృశ్యాన్ని 1800లో మళ్ళీ అచ్చు వేసి అమ్మిన సందర్భాలు కోకొల్లలు.

ముందు బందరు ఎందుకు కాదో చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో ఆ మాటకు చాలా విలువ ఉన్నట్టుంది. బందరు తీరం పల్లపు బురద నేల. పెద్ద ఓడలు ఒడ్డు దాకా వచ్చే లోతు అక్కడ లేదు. అవి దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. కోట ఉండేది కానీ అది చిత్తడి నేలలో ఉన్న కోట. మీ బొమ్మలో నీటి అంచు నుంచే నిలువుగా లేచిన రాతి గోడలు, వాటి కిందకే వచ్చి ఆగిన మూడు తెరచాప కొయ్యల యుద్ధనౌక ఉన్నాయి. అంత లోతైన నీళ్ళూ అంత రాయీ కృష్ణా డెల్టాలో దొరకవు. ఉప్పెనలో కొట్టుకుపోయాయి అనుకోవడానికి వీల్లేదు, అవి అక్కడ ఎప్పుడూ లేవు.

ఇక వల్లెట్టా అని ఎలా చెప్పగలను? మీ బొమ్మ గీసినవాడు రేవు ముఖద్వారంలో, పడవలో కూర్చుని, లోపలికి చూస్తున్నాడు. అలా చూస్తే కుడి చేతి వైపు వల్లెట్టా నగరం, ఎడమ చేతి వైపు వరుసగా కొండకొమ్ములు కనిపించాలి. మీ బొమ్మలో సరిగ్గా అలాగే ఉంది. ఎడమ వైపు కొంచెం దూరంలో మెట్లు మెట్లుగా పేర్చినట్టున్న కోట ఉంది చూడండి, ఒక వరుస ఫిరంగుల పైన ఇంకో వరుస. అది సెయింట్ ఏంజెలో కోట. రేవులోకి వచ్చే ఓడల మీదకు గురిపెట్టిన ఆ నాలుగు అంతస్తుల ఫిరంగి వరుసలు 17వ శతాబ్దం చివర్లో గ్రూనెన్‌బర్గ్ అనే ఇంజనీరు కట్టించినవి. మధ్యధరా రేవుల్లో కోటలకు కొదవ లేదు, కానీ ఈ మెట్ల ముఖం ఒకసారి చూస్తే మరిచిపోరు.

కుడి వైపు బురుజు మీద చిన్న గ్రీకు గుడి లాంటిది ఉందని మీరే రాశారు. అది గుడి కాదు, స్మారకం. మాల్టా తొలి బ్రిటిష్ పాలకుల్లో ఒకడైన అలెగ్జాండర్ బాల్ 1809లో చనిపోతే 1810లో కట్టారు. లోయర్ బరక్కా తోటలో ఇప్పటికీ ఉంది. అంటే మీ బొమ్మ 1810కి ముందుది కాదు. దాని వెనక ఎత్తులో వరుస కమానులు కనిపిస్తున్నాయి, అవి అప్పర్ బరక్కా తోటవి.

ఇంకా పనికొచ్చేది ఎడమ వైపు దగ్గరి కొండకొమ్ము మీద ఉన్న స్తంభాల భవనం. అది బీగీ నౌకాదళ ఆసుపత్రి. అక్కడ పాత విల్లా ఒకటి ముందు నుంచీ ఉంది, కానీ స్తంభాలతో ఉన్న పొడవాటి రెక్కలు 1830–32లో కట్టినవి. మీ బొమ్మలో ఆ రెక్కలు స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి కింది హద్దు 1832కు జరిగింది.

పై హద్దు ఏది? వల్లెట్టా ఇళ్ళ కప్పుల పైన సూదిలా లేచే చర్చి శిఖరం ఒకటి ఉండాలి. అది సెయింట్ పాల్ ఆంగ్లికన్ చర్చిది. ఇంగ్లండు రాజు నాలుగో విలియం భార్య అడిలెయిడ్, భర్త పోయాక 1838–39 చలికాలం మాల్టాలో గడిపింది. ఆంగ్లికన్లకు అక్కడ సరైన చర్చి లేదని తన ఖర్చుతో మొదలుపెట్టించింది. 1839లో శంకుస్థాపన, 1844లో ప్రారంభం. శిఖరం ఎత్తు దాదాపు 60 మీటర్లు. మీ బొమ్మలో ఆ శిఖరం లేదు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ చర్చి ఊరికి అవతలి వైపు, మార్సమ్‌షెట్ రేవు పక్కన ఉంది. అటు నుంచి గీసిన బొమ్మలో శిఖరం లేకపోతే 1844కు ముందుదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. మీ బొమ్మ గ్రాండ్ హార్బర్ వైపు నుంచి గీసింది, ఇటు నుంచి శిఖరం పై భాగం మాత్రమే కప్పుల మీదుగా కనిపిస్తుంది. చిత్రకారుడు వదిలేసి ఉండొచ్చు. ఒక కట్టడం ఉండటం గట్టి సాక్ష్యం, లేకపోవడం బలహీనమైన సాక్ష్యం. లేని భవనాన్ని ముందే ఊహించి గీయడం అరుదు (కట్టబోయే భవనం నమూనా చూసి గీసినవాళ్ళూ ఉన్నారు, అయినా అరుదే). ఉన్నదాన్ని వదిలేయడం మాత్రం రోజూ జరిగే పని. అందుకే 1832 అని ధైర్యంగా, 1844 అని "బహుశా" పెట్టి రాశాను.

పొగగొట్టం ఓడ కూడా ఈ కాలానికి సరిపోతుంది. పక్కన పెద్ద చక్రం ఉన్న పాడిల్ స్టీమరు అది. మధ్యధరాలో మొదటి ఆవిరి ఓడ 1818లో నేపుల్స్‌లో నీళ్ళలోకి దిగింది, 1830ల నాటికి మాల్టాకు తపాలా స్టీమర్లు వస్తూనే ఉన్నాయి. స్టీమరు ఒక్కటే చూసి సంవత్సరం చెప్పేవాళ్ళను నమ్మకండి. అచ్చు వేసేవాళ్ళు పాత బొమ్మకు కొత్తదనం రావడానికి పలక మీద స్టీమరు ఒకటి చెక్కించి చేర్చిన సందర్భాలు ఉన్నాయి. అలా చేర్చిన చోట చుట్టూ నీటి గీతలు అతికినట్టు, కొంచెం చిక్కగా కనిపిస్తాయి. మీ బొమ్మలో స్టీమరు చుట్టూ అలలు శుభ్రంగా ఉన్నాయి, మొదటి నుంచీ ఉన్నదే.

జెండాల గురించి అడిగారు. మాల్టా విషయంలో జెండా మంచి సాక్షి. 1798 జూన్ దాకా ద్వీపాన్ని ఏలిన సెయింట్ జాన్ యోధులది, తర్వాత రెండేళ్ళు ఫ్రెంచివాళ్ళది, 1800 నుంచి బ్రిటిష్‌వాళ్ళది. మీ ఫొటోలో కోట మీది జెండా మసకగా ఉంది, కానీ మూలన యూనియన్ గుర్తు ఉన్నట్టే తోస్తోంది. ఇతర రేవులకూ ఇది పనికొస్తుంది. జెనోవా మీద సెయింట్ జార్జ్ శిలువ ఎగురుతుంటే దృశ్యం 1797కు ముందుది. ఫ్రెంచి ఓడ మీద తెల్ల జెండా ఉంటే విప్లవానికి ముందుది కావచ్చు, లేదా 1815–1830 మధ్యది కావచ్చు. ఒక్క చిక్కుంది. చేత్తో రంగులు వేసిన బొమ్మల్లో జెండా రంగులను లెక్కలోకి తీసుకోకండి. రంగులు వేసినవాడు ఆ రేవు ముఖం చూసి ఉండడు.

ఇక కాగితం సంగతి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, నగల షాపులవాళ్ళు కంటికి పెట్టుకునే రకం. ఆకాశం ఉన్న భాగం చూడండి. మీరు పంపిన దగ్గరి ఫొటోలో ఆకాశమంతా వెంట్రుక కన్నా సన్నని సమాంతర గీతలు, ఒకే దూరంలో, ఎక్కడా వణుకు లేకుండా ఉన్నాయి. అవి గీత గీసే యంత్రంతో చెక్కినవి. ఇంత సన్నని గీతలు మెత్తని రాగి మీద ఎక్కువ కాపీలు నిలవవు, అరిగిపోతాయి. ఉక్కు మీద వేల కాపీలు తీసినా నిలుస్తాయి. 1820ల నుంచి లండన్ పుస్తకాలవాళ్ళు ఉక్కుకు మారింది అందుకే. బొమ్మ మొత్తం మీద ఒక వెండి బూడిద రంగు ఛాయ కనిపిస్తుంది, అది ఉక్కు పలకల లక్షణం.

గీతలకు బదులు వరుసగా చుక్కలు కనిపిస్తే, అది 1880ల తర్వాత వచ్చిన హాఫ్‌టోన్ అచ్చు, అంటే పాత బొమ్మకు ఫొటో నకలు. మీ దాంట్లో చుక్కలు లేవు. రాతి అచ్చు, అంటే లితోగ్రాఫ్ అయితే మైనపు పెన్సిలుతో గరుకు కాగితం మీద గీసినట్టు గింజ గింజగా ఉండేది. మాల్టా దృశ్యాల్లో లితోగ్రాఫులు చాలానే ఉన్నాయి. ష్రాంజ్ కుటుంబం, బ్రాక్‌డార్ఫ్ కుటుంబం మాల్టాలోనే కాపురముండి ఆ రేవును పదే పదే గీశారు. అవి మీ బొమ్మ కన్నా అరుదు, ధర కూడా ఎక్కువ. అందుకే గీతా గింజా తేడా ముందు తేల్చుకోవడం మంచిది. వెనక వైపు పత్రిక అక్షరాలు ఉంటే అది చెక్క మీద చెక్కిన వార్తాపత్రిక బొమ్మ. 1842లో మొదలైన ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ నుంచి కోసిన రేవు బొమ్మలు నా దగ్గరకు తరచు వస్తాయి. మీ దాని వెనక ఖాళీగా ఉందన్నారు, స్టీల్ ఎన్‌గ్రేవింగ్ పేజీలు అలాగే ఉంటాయి.

కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా దూర దూరంగా గీతలు కనిపిస్తే లెయిడ్ కాగితం. ఏ గీతా లేకుండా నున్నగా ఉంటే వోవ్ కాగితం, ఇది ఇంగ్లండులో 1750ల చివర్లో మొదలైంది. 1794 తర్వాత ఇంగ్లిష్ కాగితాల్లో నీటిగుర్తుతో పాటు సంవత్సరం కూడా తరచు కనిపిస్తుంది. పూర్తి కాగితంలో ఒక మూలన వచ్చే గుర్తు కాబట్టి మీ పేజీలో ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం అంతకు మించిన ఆధారం లేదు, ఆ ఏడాదికి ముందు మీ కాగితం అచ్చయ్యే అవకాశమే లేదు.

ఇక "సన్ అండ్ కో" ముక్క. చూడగానే నాకు తట్టింది లండన్‌లోని ఫిషర్, సన్ అండ్ కో. 1830లు, 40ల్లో మధ్యధరా దేశాల మీద ఉక్కు పలకల బొమ్మలతో పుస్తకాలు గుప్పించిన సంస్థ అది. సిరియా, పవిత్ర భూమి, ఆసియా మైనర్ మీద 1836–38లో వేసిన సంపుటాలు, 1840 ప్రాంతంలో మధ్యధరా తీరాలు, ద్వీపాల మీద వేసిన పుస్తకం ముందుగా వెతకాల్సినవి. రెండోదానికి గ్రెన్‌విల్ టెంపుల్, లీచ్ లాంటివాళ్ళు అక్కడికి వెళ్ళి గీసిన బొమ్మలు ఆధారం.

కానీ ఆ ముక్కతో తొందరపడకండి. ఆ సంస్థ చేతులు మారాక కొత్త యజమాని పీటర్ జాక్సన్ తన పేరు వేసి, పక్కన "పూర్వపు ఫిషర్, సన్ అండ్ కో" అని కూడా వేసుకున్నాడు. పలకలు అవే. మీ కాగితం కోసేశారు కాబట్టి "సన్ అండ్ కో"కు ముందు ఏముందో కనిపించదు. మొదటి అచ్చు కావచ్చు, 1840ల చివర్లోనో ఆ తర్వాతో వచ్చిన మలి అచ్చు కావచ్చు. తేడా గీతల్లో కొంత తెలుస్తుంది. మలి అచ్చుల్లో ఆకాశం గీతలు అక్కడక్కడ తెగి, దూరపు కొండలు వెలిసినట్టుంటాయి. మీ ఫొటోలో ఎడమ పైమూల కొంచెం వెలిసినట్టుంది, అది తేమ వల్లో పలక అరుగుదల వల్లో కాగితం చేతిలో ఉంటేనే చెప్పగలం. పైగా "సన్ అండ్ కో" అని పేరున్న అచ్చువాళ్ళు ఇంకా ఉన్నారు.

పోల్చి చూసుకోండి. బ్రిటిష్ మ్యూజియం, గ్రీనిచ్ రాయల్ మ్యూజియమ్స్, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా, ఇవన్నీ ఉచితంగా చూడనిస్తాయి. "మాల్టా", "గ్రాండ్ హార్బర్" అని ఇంగ్లీషులో వెతకండి. దొరికిన బొమ్మలో మొత్తం దృశ్యం కాక చిల్లర వివరాలు పోల్చండి: ముందున్న పడవలో ఎంతమంది ఉన్నారు, ఏ తెడ్డు పైకి లేచి ఉంది, నీడ ఎటు పడింది. ఒకే దృశ్యాన్ని నలుగురు చెక్కేవాళ్ళు కాపీ కొట్టి ఉంటారు. కోటలు నలుగురివీ ఒకలాగే ఉంటాయి, తెడ్లు ఉండవు.

మీ బొమ్మకు సంబంధం లేకపోయినా ఇది చదివే వేరేవాళ్ళకు పనికొచ్చేవి కొన్ని చెబుతాను. మార్సెయ్ రేవు అనుకుంటే కొండ మీద చూడండి. పెద్ద నోత్ర్ దామ్ ద లా గార్డ్ చర్చి ఉంటే 1853 తర్వాతది, శిఖరం మీద బంగారు విగ్రహం ఉంటే 1870 తర్వాతది. జెనోవాకు రెండు అంచెల చతురస్రపు లైట్‌హౌస్ గుర్తు, కానీ అది 1543 నుంచీ అలాగే ఉంది కాబట్టి ఊరు చెబుతుంది, కాలం చెప్పదు. రోడ్స్ రేవులో నాయాక్ బురుజు అనే సన్నని ఎత్తైన కట్టడం నిలబడి ఉంటే అది 1863 భూకంపానికి ముందటి దృశ్యం. అలెగ్జాండ్రియా ఒడ్డున రెండు రాతి సూదులు, ఒకటి నిలబడి ఒకటి పడిపోయి ఉంటే 1877కు ముందుది. పడిపోయినది ఆ ఏడాది లండన్‌కు బయల్దేరింది, నిలబడ్డది 1880లో న్యూయార్క్‌కు వెళ్ళింది.

ఇటలీలోని మెస్సీనా రేవు కేసు ఒకటి బాగా గుర్తుంది. ఒకాయన తెచ్చిన బొమ్మలో రేవు పొడవునా ఒకే వరుస భవనాలు, పలాజ్జాతా అంటారు, చెక్కుచెదరకుండా ఉంది. అది 1783 భూకంపంలో కూలింది కాబట్టి తన బొమ్మ అంతకన్నా పాతదని ఆయన గట్టి నమ్మకం. వెలుగుకు పెడితే నీటిగుర్తులో 1800లు దాటిన సంవత్సరం! భూకంపం తర్వాత కూడా, కూలకముందటి ఊరిని చూడాలన్న కుతూహలంతో జనం కొన్నారు, అచ్చువాళ్ళు వేశారు. దృశ్యం పాతదే, కాగితం కొత్తది. ఆయన మొదట నిరాశ పడ్డా, ఒక ఊరు పోయాక దాని బొమ్మ ఎలా బతికిందో చెప్పే ఆ కాగితం నాకు చాలా విలువైనదిగా అనిపించింది, ఆయనకూ అదే చెప్పాను.

ఇంకో రకం ఉంది. పైన పేరు తిరగబడి, అద్దంలో చూస్తే చదవగలిగేలా ఉంటుంది, రంగులు గాఢంగా ఉంటాయి. 18వ శతాబ్దంలో పారిస్, ఆగ్స్‌బర్గ్, బస్సానో, లండన్ ఊళ్ళలో అచ్చు వేసిన వేడుక బొమ్మలు ఇవి. అద్దం, కటకం ఉన్న పెట్టెలో పెట్టి చూసేవాళ్ళు. వీటిలో చాలా రేవులు ఊహలోనివి. అలాంటి బొమ్మలో కట్టడాలు చూసి సంవత్సరం కట్టడానికి పూనుకోకండి.

బందరుకు ఇది ఎలా చేరింది అని అడిగారు. ఖచ్చితంగా చెప్పడానికి కాగితంలో ఆధారం లేదు, దారి మాత్రం ఊహించడం కష్టం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి మద్రాసుకు ఆఫ్రికా చుట్టూ నెలల తరబడి ప్రయాణం. 1840ల్లో కొత్త దారి స్థిరపడింది: జిబ్రాల్టర్, మాల్టా, అలెగ్జాండ్రియా, అక్కడి నుంచి నేల మీద సూయజ్, మళ్ళీ ఓడ ఎక్కి సిలోన్, మద్రాసు. కంపెనీ ఉద్యోగులు, మిషనరీలు చాలామంది ఈ రేవును కళ్ళారా చూసినవాళ్ళే. బందరులో నోబుల్ పాఠశాల 1843లో మొదలైంది, అప్పటికే అక్కడ తెల్లవాళ్ళ ఇళ్ళు, పుస్తకాలు ఉన్నాయి. బదిలీ అయినా, చనిపోయినా వాళ్ళ సామాను వేలం వేయడం మామూలు. మీ పెద్దవాళ్ళ మాటలో "బందరు" అన్నది బొమ్మలో ఊరు కాక, బొమ్మ దొరికిన ఊరు అయి ఉండొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఎలా వచ్చిందో గుర్తుంటే రాసి పెట్టుకోండి.

విలువ గురించి: పుస్తకం నుంచి కోసిన స్టీల్ ఎన్‌గ్రేవింగులు వేలల్లో అచ్చయ్యాయి, పేరు కూడా కోసేశారు, కాబట్టి పెద్ద ధర రాదు. ఎవరైనా "రంగులు వేయిస్తే ధర పెరుగుతుంది" అంటే వినకండి. ఇవి నలుపు తెలుపులోనే వచ్చాయి, మీద కనిపించే రంగులు చాలావరకు తర్వాత అమ్మకానికి వేసినవి.

చేయకూడనివి. వెనక అట్టకు అంటుకుని ఉంటే లాగకండి. గోధుమ మచ్చలు పోవాలని బ్లీచింగ్, నిమ్మరసం, రబ్బరు వాడకండి. సెల్లో టేపు అసలు వద్దు. ఆ పాత చెక్క అట్ట వల్లే కాగితం అంచు పసుపెక్కింది, దాన్ని తీయించి ఆసిడ్ లేని అట్ట పెట్టించండి. జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ పిండి జిగురుతో పైఅంచు మాత్రమే అతికించమని చెప్పండి. అద్దానికి బొమ్మ తగలకుండా మధ్యలో మౌంటు (కిటికీలా కోసిన అట్ట) ఉండాలి, లేకపోతే వానాకాలం తేమకు అద్దానికి అంటుకుపోతుంది. ఎండ పడే గోడ, బాత్రూం పక్క గోడ వద్దు.

వీలైతే మూడు ఫొటోలు పెట్టండి: స్కేలు పక్కన పెట్టి మొత్తం బొమ్మ, పక్క నుంచి టార్చి వేసి నాలుగు అంచులు (పలక ఒత్తిడి గుర్తు మిగిలిందేమో చూడాలి), "సన్ అండ్ కో" ముక్క బాగా దగ్గర నుంచి. ఆ ముక్కకు ఎడమ పక్కన మొదటి పదం చివరి అక్షరం తోక కనిపిస్తున్నట్టుంది. అది "ఫిషర్" చివరి అక్షరం అవునో కాదో తేలితే పుస్తకం వెతకడం సగం తగ్గుతుంది.